కిటికీ పక్కన అవ్వ

3 ఆగస్టు, ఆదివారం

స్పీకర్లు వచ్చాయి.

వేణుమాధవ్ ఆటోలో తనే పక్కన కూర్చుని, పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుని తెచ్చాడు. టేకు ప్లైవుడ్ డబ్బాలు, నా నడుము ఎత్తు ఉన్నాయి. తనే కోసి, తనే అతికించాడు. గోదావరిఖనిలో పెళ్లి బారాత్‌లకు, వినాయక మండపాలకు సౌండు పెట్టెలు బాగుచేసే మనిషి ఇంత నాజూకైన పని చేస్తాడంటే బయటివాళ్లు నమ్మరు. నాకు తెలుసు. కోస్తా నుంచి పవర్ హౌస్ పనికి వచ్చిన వాళ్ల నాన్న కాలం నుంచి, అంటే ముప్పై ఐదేళ్ల నుంచి వీడు నాకు తెలుసు.

పోశం కూడా వచ్చి మోశాడు. గనిలో నా షిఫ్టువాడు. నేను సర్దార్‌ను, అంటే గని రూఫ్, పైకప్పు, నిలుస్తుందో లేదో కర్రతో కొట్టి చూసి చెప్పేవాణ్ణి. రూఫ్‌ను నేను కొట్టి చూసి ఎక్కడ బలహీనంగా ఉందంటే అక్కడ ఆసరా దుంగ నిలబెట్టడం అతని పని. పదకొండేళ్లుగా నా వెనకే నడుస్తున్నాడు.

బియ్యం బస్తాలు పెట్టుకునే గది ఖాళీ చేయించాను. జమున రెండు రోజులు గొణిగింది. పద్నాలుగు అడుగుల పొడవు, పదకొండు వెడల్పు. కుడివైపు కిటికీ, ఎడమవైపు తలుపు. నాలుగు గోడలూ నా కర్రతో కొట్టి చూశాను. సర్దార్ కర్ర గోడ మీద మోగుతుంటే వేణుమాధవ్ నవ్వాడు, ఇది ఇల్లయ్యా, గని కాదు అన్నాడు. నవ్వనీ. తలుపు పక్క గోడ ఒకచోట డొల్లగా పలికింది. సున్నం కింద ఇటుక కదిలి ఉంటుంది.

మొదట పెట్టింది నన్ను కన్న అవ్వ పాటనే. ఎనభై తొమ్మిదిలో జైపూర్ దగ్గర మా ఊరి పొలంలో నాట్లు వేస్తూ అవ్వ పాడుతుంటే టూ-ఇన్-వన్‌లో నేనే పట్టుకున్న క్యాసెట్టు. వేణుమాధవ్ దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాడు. పాత టేపు కాబట్టి రెండు డబ్బాలకూ ఒకటే శబ్దం వెళ్తుందట. మనం సరిగ్గా మధ్యలో కూర్చుంటే గొంతు కూడా సరిగ్గా మధ్యలో, రెండు డబ్బాల నడుమ ఖాళీ జాగాలో నిలబడాలట. అలా నిలబడితేనే గది కుదిరినట్టు.

అవ్వ నిలబడింది. సారవ్వ, చచ్చిపోయి ఇరవై ఒక్క ఏళ్లు, నా గదిలో నిలబడి పాడింది. నాకు ఏడుపొచ్చింది. కానీ మధ్యలో కాదు. కిటికీ పక్కన నిలబడింది.

ఎడమ డబ్బా తక్కువ పలుకుతోంది అన్నాను. వేణుమాధవ్ కొంచెంసేపు నా వంక చూశాడు. రెండు తీగలూ అటుదిటు మార్చి చూడు, అప్పుడు లోపం డబ్బాదో కాదో తేలిపోతుంది అన్నాడు. తీగలు పొద్దుననే పట్టీలో బిగించి మేకులు కొట్టేశాను, ఇప్పుడెవడు విప్పుతాడు. ఇంకోసారి అన్నాను.

డబ్బాలు ఉన్నచోట నేల మీద సుద్దతో గీసి, 3/8 రా అని రాశాను. గనిలో రూఫ్ చూసిన ప్రతిచోటా తేదీ, రాయమల్లులో రా. చేతికి అదే అలవాటు.

5 ఆగస్టు

ఎడమ డబ్బాను జానెడు ముందుకు జరిపాను. 5/8 రా. అవ్వ కిటికీ దగ్గరే.

7 ఆగస్టు

లోపం కిటికీది. అద్దానికి తగిలి శబ్దం వెనక్కి వస్తోంది, అందుకే ఆ పక్క ఎక్కువ. ఇంత చిన్న విషయం వేణుమాధవ్‌కు తట్టలేదు. బాపు గొంగడి పెట్టెలోంచి తీసి కిటికీకి మేకులు కొట్టి కట్టాను. గదంతా గొర్రెల వాసన. జమున ముక్కు మూసుకుని వచ్చి కూర్చుంది.

అవ్వ కొంచెం జరిగిందనే అనిపించింది. ఒక బెత్తెడు.

అవ్వ ఎక్కడుందో చెప్పమని జమునను అడిగాను. "నడుమనే ఉన్నది గదా" అంది. తనకు వినడం రాదు. టీవీ ముందు కూర్చునే చెవులు. ముప్పై ఏళ్లు రూఫ్ విన్న చెవులతో సమానమవుతాయా?

10 ఆగస్టు, ఆదివారం

కోడిగుడ్ల అట్టలు రెండు వందలు కిటికీ పక్క గోడకు అతికించాను. ఎడమ డబ్బా ఇప్పుడు మూరెడు ముందుకు ఉంది. చూడ్డానికి గది ఒక కాలు ముందుకు వేసి నిలబడ్డట్టుంది. వేణుమాధవ్ సాయంత్రం వచ్చి తలుపు దగ్గరే ఆగిపోయాడు. ఎందుకు ఆగావంటే ఏం లేదన్నాడు. తీగలు మార్చి చూశావా అని మళ్లీ అడిగాడు. మేకులు అని మళ్లీ చెప్పాను. వాడు వంటింట్లోకి వెళ్లి జమునతో ఏదో మాట్లాడాడు. టీ తాగకుండా వెళ్లాడు.

వచ్చే నెల పదిహేనున నాకు మెడికల్ ఉంది. మూడేళ్లకోసారి కంపెనీ పెట్టే పరీక్ష. బీపీ గురించి జమునకు ఫికర్. నాకేం లేదు.

12 ఆగస్టు

కొత్తగా వచ్చిన ఇద్దరు పిల్లలకు ఇవాళ రూఫ్ వినడం నేర్పాను. కర్ర కుడిచేతిలో, తల కొంచెం వంచి ఎడమ చెవి పైకి. గట్టి రూఫ్ కంగుమంటుంది. పొరల మధ్య గాలి చేరిన రూఫ్ డబ్బుమంటుంది. ఆ తేడా వినబడనివాడు గనిలో ఉండకూడదు, వాడు తను చావడమే కాదు, కింద బొగ్గు ఎత్తే పదిమందిని చంపుతాడు. నా కింద ముప్పై ఏళ్లలో ఒక్కడికి కూడా గీత పడలేదు. ఇది గొప్ప కోసం రాయడం లేదు. నిజం కాబట్టి రాస్తున్నాను. సరే, కొంచెం గొప్ప కోసమే.

చివర ఎప్పుడూ చెప్పేదే చెప్పాను. ఎవరు చూసి ఓకే పెట్టినా, చివరికి మేనేజరే ఓకే పెట్టినా, దాని కింద నిలబడే ముందు నువ్వు ఒకసారి కొట్టి చూసుకోవాలి. పోశం వెనక నిలబడి తల వంచుకుని విన్నాడు. ఈ మాట అతనికి కనీసం వందసార్లు చెప్పి ఉంటాను.

13 ఆగస్టు

పోశం మూడు రోజులు లీవు. గోలేటిలో చెల్లె గృహప్రవేశం. వేరే మనిషిని ఇచ్చారు, మొద్దు.

14 ఆగస్టు

పోశం ఒక్కరోజుకే తిరిగొచ్చాడు. ఏమైందంటే పని జల్ది అయిపోయిందన్నాడు. గృహప్రవేశం ఇవాళ పొద్దున తొమ్మిదింటికి, ఇతను ఆరింటికల్లా ఇక్కడ హాజరు వేసే ముస్టర్‌లో ఉన్నాడు. పాలు పొంగడం కూడా చూడకుండా వచ్చాడన్నమాట. నువ్వు లేకపోతే బొగ్గు రాదనుకున్నావా అని అందరి ముందు ఎకసెక్కమాడాను. చెల్లెతో ఏదో గొడవ పడి ఉంటాడు.

17 ఆగస్టు, ఆదివారం



ఎడమ డబ్బా వెనక పలక విప్పాను. లోపల అంచున జిగురు రెండుసార్లు పూసిన మరక. టంకం వేసినచోట కూడా రెండు రంగులు. కుడి డబ్బా విప్పాను. అది ఏ మచ్చా లేకుండా శుభ్రంగా ఉంది.

ఎడమదానిలో వేణుమాధవ్ పాత స్పీకరు పెట్టాడు. ఏ బారాత్ పెట్టెలోనో కాలిపోయినదాన్ని మళ్లీ చుట్టి, రంగు వేసి పెట్టాడు. నాకు తెలియదనుకున్నాడు. గనివాడికి ఏం తెలుస్తుంది, చీకట్లో బతికేవాడికి అనుకున్నాడు.

పక్షం రోజులు నా గోడలు తిట్టుకున్నాను, కిటికీని తిట్టుకున్నాను. బాపు గొంగడికి మేకులు కొట్టాను. అన్నీ తెలిసి తలుపు దగ్గర నిలబడి చూశాడు.

వేరే ఎవరైనా మోసం చేస్తే సరే అనుకునేవాణ్ణి. వాడి పెళ్లిలో సాక్షి సంతకం నాది. వాళ్ల నాన్న పోయినప్పుడు పాడె ముందు కాలు పట్టింది నేను.

18 ఆగస్టు

షిఫ్టు దిగి నేరుగా షాపుకు వెళ్లాను. వినాయక చవితి గిరాకీ, పదిమంది ఉన్నారు. అందరి ముందే అడిగాను. దొంగ అన్నాను. మా అవ్వ గొంతుతో కూడా బేరం చేశావన్నాను. ఆ మాట ఎక్కువైందని నోట్లోంచి వచ్చాక అనిపించింది, కానీ వెనక్కి తీసుకోలేదు.

వేణుమాధవ్ చేతిలో టంకం కడ్డీ పొగలు కక్కుతూనే ఉంది. దాన్ని పక్కన పెట్టాడు.

"తీగలు మార్చి చూడలేదు కదూ," అన్నాడు. "రాయమల్లూ, ఆ ఒక్క పనీ చేసి రా. ఆ తర్వాత నన్ను ఏమన్నా పడతాను."

ఇంకా అదే పాట. వచ్చేశాను.

19 ఆగస్టు

మాట్లాడను. ఇంకెప్పుడూ.

21 ఆగస్టు

వాడు ఆటో డ్రైవరు చేత కొత్త స్పీకరు పంపాడు, సీలు కూడా తీయని అట్టపెట్టెలో. ఒక చీటీ ముక్క కూడా లేదు. నేనే బిగించాను. గంటన్నర పట్టింది.

అవ్వ కిటికీ దగ్గర.

అంటే ఇది కూడా పాడైందే. ఒకే మనిషి ఒకే మనిషిని ఒకే నెలలో రెండుసార్లు మోసం చేయడం నేనెక్కడా వినలేదు. సీలు మళ్లీ అతికించడం ఎంతసేపు.

జమున గుమ్మంలో నిలబడి చూసింది. "ఆయనను గట్ల అనకుండ ఉండాల్సింది" అని లోపలికి వెళ్లింది. వాడి తరఫున మాట్లాడుతోంది. నా ఇంట్లో, నా పెళ్లాం.

25 ఆగస్టు

ఇవాళ గనిలో ఒకటి జరిగింది. వరసగా రాయాలి, లేకపోతే రాయలేను.

సొరంగం పద్నాలుగో లెవెల్‌లో ఏడుచోట్ల రూఫ్ కొట్టి చూసి, సుద్దతో 25/8 రా రాసి, చివరికి వెళ్లాక నీళ్ల బాటిలు మొదటిచోటనే మరిచిపోయానని గుర్తొచ్చింది. మామూలుగా వెనక్కి రాను. ముందుకు వెళ్లి అటునుంచే ఎక్కుతాను. ఇవాళ వెనక్కి వచ్చాను.

నా ప్రతి రా కింద చిన్న నిలువు గీత ఉంది. అంగుళం పొడవు. తడి రాయి మీద సుద్ద ఇంకా ఆరలేదు. ఆరోచోట, అయిదోచోట, నాలుగోచోట, అన్నిటి కిందా ఉంది.

మూడోచోట గీత లేదు. నా రా మీద అడ్డంగా ఇంటూ గుర్తు వేసి ఉంది. ఇంటూ అంటే ప్రమాదం, కిందికి పోవద్దని. కింద కొత్త దుంగ నిలబెట్టి ఉంది, దారికి అడ్డంగా తాడు కట్టి ఉంది. ఇరవై నిమిషాల కింద నేను ఓకే పెట్టిన జాగా అది.

ముందున్న జాగాలు చూసుకుని వెనక్కి వచ్చినట్టున్నాడు, పోశం రెండో దుంగకు గూటం కొడుతున్నాడు. నేను వెనక నిలబడ్డది చూడలేదు. గూటం దెబ్బలు పక్కనే పడుతున్నాయి కాబట్టి వినబడ్డాయి. మరి ఇన్నాళ్లూ నా వెనక కర్రతో కొడుతుంటే ఎందుకు వినబడలేదు? కన్వేయర్ బెల్టు చప్పుడు. అవును, బెల్టు చప్పుడే.

అతను వెళ్లాక తాడు దాటి నేను మళ్లీ కొట్టి చూశాను. కంగుమంది. రెండోసారి కూడా కంగుమంది. అది గట్టి రూఫ్.

అర్థమైంది. నా ఉద్యోగం మీద కన్నేశాడు. సర్దార్ పరీక్ష రాశాడని విన్నాను. నేను ఓకే పెట్టినచోటల్లా ఇంటూలు వేసి, లెక్కపెట్టి, ఒకరోజు మేనేజరుకు చూపిస్తాడు. వీడికి కర్ర పట్టడం నేర్పిందే నేను. జ్వరమొస్తే కంపెనీ దవాఖానకు నా బండి మీద తీసుకెళ్లాను. అక్కడ వేణుమాధవ్, ఇక్కడ పోశం. మనుషులు ఎంత నిదానంగా, ఎంత మర్యాదగా వెన్ను పొడుస్తారు.

26 ఆగస్టు

మూడోచోట రూఫ్ పడింది. రాత్రి షిఫ్టులో. ఆసరా దుంగలు రెండూ విరిగాయి. తాడు కట్టి ఉంది కాబట్టి ఎవరూ లేరు.

ఎవరూ లేరు.

27 ఆగస్టు, వినాయక చవితి

మండపం మా ఇంటిపక్కనే పెట్టారు. రాత్రంతా మైకుతో కన్ను మూతపడలేదని జమున పొద్దున లేస్తూనే మొదలుపెట్టింది. నాకైతే బాగా నిద్ర పట్టింది. కుడివైపుకు తిరిగి పడుకుంటే నాకు ఎప్పుడూ బాగా నిద్ర పడుతుంది. నేను పడుకున్నాక మైకు తగ్గించినట్టున్నారు.

28 ఆగస్టు

పోశం ఎదురొచ్చాడు. తల తిప్పుకున్నాను. మూడోచోటు గురించి నన్ను ఎవరూ అడగలేదు. అడగకపోవడమే నాకు గుచ్చుకుంటోంది. పడ్డది రాత్రి, నేను చూసింది పొద్దున, మధ్యలో ఓపెన్‌కాస్ట్ గనిలో రాయి పేల్చే బ్లాస్టింగ్ జరిగింది. ఆ అదురుకు ఏ రూఫైనా కదలొచ్చు. పొద్దున అది గట్టిగానే ఉంది.

గట్టిగానే ఉంది.

30 ఆగస్టు, శనివారం

వెనక గోడకు కూడా గుడ్ల అట్టలు వేద్దామని కుర్చీని అటు తిప్పుకుని కూర్చుని కింది వరస అతికిస్తున్నాను. నా ముఖం చూసి జాలేసిందేమో, జమున వచ్చి అడగకుండానే అవ్వ పాట పెట్టింది.

అవ్వ తలుపు దగ్గర నిలబడి పాడింది.

చేతిలో అట్ట అట్లాగే ఉంది. నెల రోజులుగా కిటికీ దగ్గర ఉన్న మనిషి, డబ్బాలు కదలకుండా, గొంగడి కదలకుండా, తలుపు దగ్గరికి ఎలా పోయింది? కుర్చీని ముందుకు తిప్పాను. కిటికీ దగ్గర. వెనక్కి తిప్పాను. తలుపు దగ్గర. మళ్లీ తిప్పాను. జమున "ఏం చేస్తున్నవ్" అంది. నేను ఎటు తిరిగితే అవ్వ అటు వస్తోంది. ఎప్పుడూ నా కుడిపక్కకే.

అప్పుడు పట్టీ మేకులు పీకాను. తీగలు మార్చాను. ఎడమది కుడికి, కుడిది ఎడమకు. ఇరవై ఏడు రోజులు వాయిదా వేసిన పనికి పది నిమిషాలు పట్టింది. లోపం డబ్బాదైతే అవ్వ ఈసారి తలుపు పక్కకు పోవాలి.

పోలేదు.

కుడిచెవిలో వేలు పెట్టి మూసుకున్నాను. అవ్వ ఆగిపోయినట్టే అయింది. ఎక్కడో చాలా దూరంలో, పొలానికి అవతల, మాట తెలియని మూలుగు ఒకటి మిగిలింది.

31 ఆగస్టు, ఆదివారం

జమునను అడిగాను. ఎన్నాళ్లుగా తెలుసని.

బియ్యం ఏరుతోంది. తలెత్తలేదు. రెండేళ్ల సంది అంది. బండి మీద కూర్చున్నప్పుడు కుడి భుజం మీదుగా ముందుకు వంగి మాట్లాడేదట. మంచం మీద కుడిపక్కకు మారిందట. ఫంక్షన్లలో నా ఎడమపక్క ఎవరైనా కూర్చుంటే వాళ్లను లేపి తను కూర్చుని, వాళ్లు చెప్పింది నా కుడి చెవి దాకా వంగి మళ్లీ చెప్పేదట. నేనేమో ఈ వయసులో దీనికి నా మీద ప్రేమ ఎక్కువైందనుకున్నాను. నవ్వొస్తోంది, నవ్వలేకపోతున్నాను.

"చెప్తే నువ్వు ఊకుంటవా," అంది. "ఒకసారి చెప్పిన. పోయిన దసరాకు. వారం దినాలు అన్నం బయట తిన్నవ్."

నాకు గుర్తు లేదు. గుర్తుంది. ముసలివాణ్ణి చేస్తున్నావా అని గిన్నె విసిరాను.

వేణుమాధవ్‌కు మొదటి రోజే తెలిసిందట. పదో తారీఖున వంటింట్లో జమునతో మాట్లాడింది అదేనట. పోశంకు ఏడాదిన్నర నుంచి తెలుసట, నెలకోసారి జమునకు ఫోన్ చేసి అన్న ఒంట్లో ఎట్లుందని అడిగేవాడట. ముగ్గురూ కూడబలుక్కున్నారు. నా చుట్టూ నిలబడి, నాకు తప్ప అందరికీ తెలిసిన ఒక విషయాన్ని దుప్పటి పట్టినట్టు తలో కొసా పట్టుకున్నారు. చిన్నపిల్లాణ్ణి చేశారు. దొంగతనం చేసినా ఇంత బాధ ఉండేది కాదు.

పడుకోబోయే ముందు ఈ డైరీ మొదటినుంచి చదివాను. ఆగస్టు 13 దగ్గర ఆగిపోయాను. పోశం లీవు.

ఆ రోజు నేను తొమ్మిదిచోట్ల ఓకే పెట్టాను. నా వెనక ఎవరూ కొట్టలేదు. ఆ తొమ్మిది చోట్ల కింద పదిహేను మంది పనిచేశారు. నేను నేర్పిన ఇద్దరు పిల్లలు కూడా.

1 సెప్టెంబరు

ముస్టర్ పడకముందే మేనేజరు గదికి వెళ్లాను. నా ఎడమ చెవి వినబడదు, నన్ను రూఫ్ చూసే పనినుంచి తీసేయండి, పదమూడో తారీఖున నేను చూసిన తొమ్మిది జాగాలు, పడిన మూడోచోటు పక్కవి అన్నీ మళ్లీ చూపించండి అని రాసిన కాగితం ఇచ్చాను. ఆయన చదివి ఎన్నాళ్ల నుంచి అన్నారు. నాకు మొన్నటినుంచి తెలుసు సార్, మిగతా అందరికీ రెండేళ్లుగా తెలుసు అన్నాను. మెడికల్ అయ్యేదాకా పైనే కూర్చోమన్నారు. గనిలోకి దిగేవాళ్లకు తలదీపాలు ఇచ్చే క్యాప్ ల్యాంపుల గదిలో రిజిస్టర్ రాయాలి. ఆయన మంచిగానే మాట్లాడారు.

పోశం ల్యాంపు తీసుకోవడానికి వచ్చాడు. కిటికీకి అటు అతను, ఇటు నేను. వెనక ఎవరూ లేరు.

పదకొండేళ్లు నా వెనక తిరిగావు, ఒక్క మాట చెప్పలేకపోయావా అని అడిగాను. నా గొంతు పెద్దదైంది. ఈమధ్య పెద్దగానే మాట్లాడుతున్నానట, అది కూడా జమున నిన్ననే చెప్పింది.

పోశం ల్యాంపు వైరు వేలికి చుట్టుకుంటూ నిలబడ్డాడు.

"చెప్తె మీరు వింటరా అన్న," అన్నాడు.

నువ్వు ఒక్కరోజు రాకపోతే ఏమయ్యేది అన్నాను.

"అందుకే గద గోలేటి నుంచి ఉరికొచ్చింది. చెల్లె ఇప్పటికీ మాట్లాడుతలేదు." కొంచెం ఆగి, నా వైపు కాకుండా రిజిస్టర్ వైపు చూస్తూ అన్నాడు. "మీ వెనుక కొట్టుకుంట తిరుగుడు నాకు మంచిగనిపియ్యలే. కానీ మీరే చెప్పిండ్లు గదన్న. ఎవలు ఓకే పెట్టినా నువ్వు ఒకసారి కొట్టి చూస్కో అని."

అతని పేరు ఎదుట టైము రాశాను. 6:50. అతను దిగిపోయాడు.

నేను క్షమించాను అని రాయడానికి కూర్చున్నాను. రాయలేకపోతున్నాను. వాడు చేసింది తప్పో ఒప్పో నాకు తెలుసు. నా ముప్పై ఏళ్ల రా కింద, ఏడాదిన్నరగా వాడి గీత ఉంటేనే మనుషులు బతికారన్నది మాత్రం మింగుడు పడటం లేదు.

4 సెప్టెంబరు

రిజిస్టర్. 212 ల్యాంపులు ఇచ్చాను, 212 తిరిగి వచ్చాయి.

7 సెప్టెంబరు, ఆదివారం

పొద్దున వేణుమాధవ్ షాపుకు వెళ్లాను. నిన్నటితో నిమజ్జనాలు అయిపోయి షాపులో ఎవరూ లేరు. తిట్టింది పదిమంది ముందు, తప్పు ఒప్పుకునేది ఒక్కడి ముందా అని బయట కాసేపు నిలబడ్డాను. పక్క హోటల్లోంచి ఇద్దరినైనా పిలుద్దామని చూశాను. వాడు లోపలినుంచే, రావయ్యా నాటకాలు చాలు అన్నాడు.

తీగలు మార్చాను అన్నాను. ఊ అన్నాడు. జిగురు సంగతి అడిగాను. మొదటిసారి అతికించింది వంకరగా వచ్చిందట. మీ అమ్మగారి పాట పలకాల్సిన డబ్బా కదా అని ఊడదీసి మళ్లీ అతికించాడట. టంకం కూడా అంతే. మొదటి రోజే చెవి అని నోరు తెరిచి ఎందుకు చెప్పలేదని అడిగాను.

"నీ చెవి నీ రూఫ్, దాన్ని నువ్వే కొట్టి చూసుకుంటావని ఆగాను," అన్నాడు. "నేను చేసింది పొరపాటే. చెప్పి ఉండాల్సింది. నీతో నెల గొడవ పడటం నయం, ఆ రూఫ్ ఎవడి మీదైనా పడి ఉంటే..." అని ఆపేశాడు.

ఇద్దరం వచ్చి గది విప్పాం. గుడ్ల అట్టలు పీకాం, గొంగడి దించాం. యాంప్లిఫయర్ మీద బాలెన్స్ బుడిపె ఎడమకు తిప్పి అవ్వను మధ్యకు తెస్తానన్నాడు. వద్దన్నాను. అలా చేస్తే జమునకు అవ్వ తలుపు దగ్గరికి పోతుంది.

డబ్బాలను ఎక్కడ పెట్టాలో తెలియలేదు. నేలంతా సుద్ద గుర్తులే, 5/8, 7/8, 10/8, అన్నిటి పక్కనా నా రా. మొదట పెట్టినచోట పెడదామని జంపఖానా ఎత్తి వెతికాను. 3/8 రా దొరికింది.

దాని కింద అంగుళం పొడవు నిలువు గీత ఉంది. రెండో డబ్బా జాగాలో కూడా ఉంది. స్పీకర్లు మోసుకొచ్చిన రోజు, మేము టీ తాగుతుంటే, పోశం ఒక్కడే ఈ గదిలో ఉండి కుర్చీలో కూర్చుని విని ఉంటాడు. మొదటి రోజు పెట్టిందే సరైన జాగా అన్నమాట.

నేల మీద కూర్చుండిపోయాను. వేణుమాధవ్ ఏమైందని అడిగితే, ఏం లేదు, పోశం ఇక్కడ కూడా కొట్టి చూశాడు అన్నాను. కళ్లు తుడుచుకున్నాను. కోపం పోయిందని చెప్పను. కోపం ఉంది, కానీ దాన్ని ఎవరి మీద పెట్టుకోవాలో ఇప్పుడు తెలియడం లేదు. రేపు ల్యాంపు ఇచ్చేటప్పుడు పోశంను ఆదివారం భోజనానికి రమ్మంటాను. గోలేటికి ఫోన్ చేసి వాళ్ల చెల్లెతో కూడా నేనే మాట్లాడతాను.

డబ్బాలు గుర్తుల మీద పెట్టాం. వేణుమాధవ్ ఇంటికి వెళ్లాక జమున, నేను కూర్చున్నాం. అవ్వ పాట పెట్టాను. కిటికీ పక్కన నిలబడింది. నాకు ఇక ఎప్పుడూ అక్కడే నిలబడుతుంది.

అవ్వ ఎక్కడుందని జమునను అడిగాను. చెయ్యి చాచి, రెండు డబ్బాల నడుమ ఖాళీ జాగాను చూపించింది.

సుద్ద తీసుకుని ఆమె వేలు చూపినచోట నేల మీద గీత గీశాను. సరిగ్గా ఇక్కడేనా అన్నాను. అక్కడే అంది. 7/9 అని రాసి, పక్కన జ అని పెట్టాను.

కొట్టి చూడలేదు.